మధ్యకు జరిగిన గుండె

మేదిని వెన్ను వంగుతోందని మొట్టమొదట కనిపెట్టింది కడియం సెంటర్లో బట్టలు కుట్టే సుబ్బులు. స్కూలు యూనిఫాంకి కొలతలు తీస్తూ టేపు రెండుసార్లు వేసి చూసి, "ఏవండీ, పాపకి కుడి భుజం అరంగుళం పైకుందేటండి? బ్యాగు ఒకేపు తగిలించుకుంటదా?" అని అడిగింది. తల్లి నూకరత్నం నవ్వి ఊరుకుంది. ఇంటికి వెళ్లాక పిల్లను గౌను విప్పి ముందుకు వంగమంది. వీపు మీద కుడివైపు పక్కటెముకలు గుట్టలా లేచి కనిపించాయి. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది.

రాజమండ్రిలో ఎక్స్‌రే తీశారు. పదకొండేళ్ల పిల్ల వెన్నెముక కుడివైపుకి విల్లులా వంగి ఉంది. ముప్పై ఎనిమిది డిగ్రీలని గీతలు గీసి చూపించాడు డాక్టరు. పెరిగే వయసు కాబట్టి ఇంకా వంగుతుందన్నాడు. యాభై దాటితే లోపల ఉక్కు కడ్డీలు పెట్టి స్క్రూలు బిగించక తప్పదన్నాడు. ఆ ఆపరేషన్‌లో కాళ్లు పడిపోయే ప్రమాదం ఎంతో కొంత ఉంటుందని కూడా చెప్పాడు. తిరిగి వస్తూ బస్సులో పేర్రాజు కూతుర్ని ఒళ్లో కూచోబెట్టుకుని ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. రత్నానికి అవేవీ వినబడలేదు. ఆ "ఎంతో కొంత" ఎంత అన్నదే ఆలోచిస్తూ కూచుంది.

పేర్రాజుది అంటు మొక్కల నర్సరీ. రత్నం అతని నర్సరీకి కిలోమీటరు దూరంలో, కాలవ అవతల ఉన్న ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో పన్నెండేళ్లుగా జీవశాస్త్రవేత్త. పురుగు తిన్న మొక్కలు తిరిగి ఎలా కోలుకుంటాయన్నది ఆమె పని. రెండేళ్ల కిందట ముసురు పట్టిన రోజుల్లో మందార మడి ఒకటి ఆమెకు వింతగా కనిపించింది. గొంగళిపురుగు ఒక పక్కనే కొరికిన ఆకులు పది రోజుల్లో పూడుకుని, కాగితాన్ని మడిచి కత్తిరించినట్టు రెండు పక్కలా సరిసమానంగా తయారయ్యాయి. ఆకు కాడల మీద బూడిద రంగు బూజు పట్టి ఉంది. ఆ బూజులోంచి ఆమె రకరకాల పదార్థాలు విడదీసింది. వాటిలో పనిచేసింది ఏడో సీసాలోది.

ఎడమ సగంలో కణాలకు కుడి సగంలో ఏముందో మామూలుగా తెలియదు. రెండూ ఒకే పద్ధతిలో పెరుగుతాయి కాబట్టి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఏడో నంబరు పూస్తే రెండు సగాలకూ మాటలు కలుస్తాయి. తేడా ఉన్నచోటల్లా అవి సర్దుకుంటాయి. మడుల్లో పనిచేసే అచ్చియ్యమ్మకి రత్నం ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె సులువుగా పేరు పెట్టేసింది, "అద్దం మందు" అని. కేంద్రంలో అందరూ అదే పేరుతో పిలిచేవారు.

తోక వంకరపోయిన కప్పపిల్లల నీళ్లలో కలిపితే తోకలు తిన్నబడ్డాయి. పుట్టుకతో నడుము వంకరున్న తెల్ల ఎలుకకు ఆరు ఇంజక్షన్లు ఇస్తే నలభై రోజుల్లో దాని వెన్ను తాడు పట్టి గీసినట్టయింది. అది తింటోంది, తాగుతోంది, చక్రం ఎక్కి పరుగులు తీస్తోంది. డైరెక్టరు చక్రపాణి ఇంకో రెండేళ్లు ఎలుకల మీదే చూద్దామన్నాడు. రత్నం సరేనంది. ఆ సాయంత్రమే ఆరు చిన్న సీసాలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

"ఏటది?" అని అడిగాడు పేర్రాజు, ఆమె సిరంజిలోకి మందు లాగుతుంటే.

"ఎముకల బలానికి."

"డాక్టరు రాశారా?"

"నేనూ డాక్టర్నే కదండీ," అందామె.

మేదిని వంటింటి గట్టు మీద కూచుని కళ్లు గట్టిగా మూసుకుని, "ఎడం చేతికే ఇయ్యమ్మా, కుడి చేత్తో బొమ్మలెయ్యాలి" అంది. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాలు. ప్రతిసారీ ఎడం చేతికే ఇచ్చింది.

మూడో నెలలో ఎక్స్‌రే తీస్తే ఇరవై రెండు డిగ్రీలు. నాలుగో నెలకి ఏడు. ఆ తర్వాత డాక్టరు స్కేలు పెట్టి ఎంత గీసినా అసలు వంపే దొరకలేదు. "కొందరు పిల్లల్లో దానంతటదే సర్దుకుంటుంది గానీ, ఇంతలా ఎప్పుడూ చూడలేదమ్మా" అన్నాడాయన. పేర్రాజు ఆ రోజు నర్సరీలో పనివాళ్లందరికీ బిర్యానీ పెట్టించాడు. రత్నం వాళ్ల మధ్యలో కూచుని తింది. ఎప్పుడో ఒకప్పుడు భర్తకి నిజం చెప్పాలనుకుంది. ఎవరికీ ఏమీ కానప్పుడు తొందరేముందని మళ్లీ అనుకుంది.

పిల్ల రోజురోజుకీ అందంగా తయారవుతోందని వీధిలో వాళ్లు అనేవారు. పక్కింటి కనకదుర్గ ఒకరోజు గేటు దగ్గర ఆగి, "మీ అమ్మాయి మొహం..." అని మొదలుపెట్టి, మేదిని వంక అలాగే చూస్తూ ఆ మాట పూర్తి చేయకుండానే లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ చంకలో ఉన్న మనవడు మేదినిని చూసి మొదట నవ్వాడు. తర్వాత మొహం తిప్పేసుకుని ఏడుపు అందుకున్నాడు.

రత్నం ఒక ఆదివారం కూతురికి తలంటు పోస్తూ చెయ్యి రుద్దుతోంది. పుట్టిన వారంలో వేసిన టీకా మచ్చ ఎడమ భుజం మీద చిన్న రూపాయి కాసంత ఉంటుంది. సబ్బు కడిగి రెండో చెయ్యి అందుకుంది. కుడి భుజం మీద, సరిగ్గా అంతే ఎత్తులో, అంతే గుండ్రంగా, అంచులు అంతే ముడుచుకుని, ఇంకో మచ్చ ఉంది.

"ఇదెప్పుడు వచ్చిందే?"

"అదెప్పుడూ ఉందిగా అమ్మా," అంది మేదిని, కళ్లలో నీళ్లు పడకుండా మొహం మూసుకుని. మొహం మూసుకున్నది రెండు చేతులతో. రత్నం పట్టుకున్న చేతిని కూడా అదే క్షణంలో, అంతే వేగంతో లాక్కుంది.

ఆ తర్వాత రత్నం చూడకుండా ఉండలేకపోయింది. అన్నం కలిపేటప్పుడు పిల్ల ఎడమ చెయ్యి కూడా గాల్లో కలుపుతున్నట్టు కదులుతోంది. జడ రిబ్బను ముడేయలేకపోతోంది, ఎందుకంటే ఒక చెయ్యి పట్టుకుని రెండో చెయ్యి చుట్టాలి. మెట్లు దిగేటప్పుడు ఒక్కోసారి రెండు పాదాలు కలిపి గెంతుతోంది. అడిగితే ఆట అంది. మాట మాత్రం తగ్గింది. ఇంట్లో అడుగు పెట్టగానే బడిలో జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్ల, ఇప్పుడు ఒక్కో మాటకీ ఆగి వెతుక్కుంటోంది.

ఒకరోజు అచ్చియ్యమ్మ ఒక పువ్వు కోసుకొచ్చి రత్నం బల్ల మీద పెట్టింది. ఎర్రటి మెట్టతామర.

"ఇది సూడండమ్మగారూ."

మెట్టతామర పువ్వును ఎక్కడ కోసినా రెండు సమాన భాగాలు రావు. దాని రేకులు అటొకటి ఇటొకటి ఒరిగి, ఏ రెండూ ఒకేలా లేకుండా విచ్చుకుంటాయి. పుప్పొడి కూడా ఒక పక్క సగం తిత్తిలోనే ఉంటుంది. మందు చల్లిన మడిలో పూసిన ఈ పువ్వు మాత్రం తక్కెడలో తూచినట్టుంది. నిలువునా గీత గీస్తే రెండు పక్కలా ఈనెతో సహా కలిసిపోతుంది.

"బాగానే ఉందిగా," అంది రత్నం.

"బాగానే ఉందండి. నాకే నచ్చలేదు. తుమ్మెదలు వస్తన్నాయి, ఎదురుగా ఆగుతన్నాయి, ఎల్లిపోతన్నాయి. పుప్పొడి లేదండి. మడంతా సూశాను. ఒక్క కాయ కట్టలేదు." అచ్చియ్యమ్మ పువ్వును వేలితో అవతలికి నెట్టింది. "మీ ఎలకని కూడా ఓపాలి సూడండి. పొద్దున్న మేతెయ్యడానికి ఎల్లాను. అదోలాగుంది."

ఎలుక బతికే ఉంది. పంజరం గోడకి ముక్కు ఆనించి నిలబడి ఉంది. రత్నం దాన్ని తీసి బల్ల మీద వదిలితే తిన్నగా నడిచింది. అడ్డుగా పుస్తకం పెడితే పుస్తకానికి ముక్కు ఆనించి ఆగిపోయింది. పక్కకి నాలుగు వేళ్ల దూరంలో గింజలు పోసింది. దాని మీసాలు రెండు వైపులా ఒకేలా అదిరాయి గానీ అది తిరగలేదు. పక్కకి తిరగాలంటే ఒక పక్క కాళ్లు ఎక్కువ నడవాలి, రెండో పక్కవి తక్కువ నడవాలి. ఈ జంతువుకి ఎక్కువ తక్కువలు పోయాయి.

ఆమె ఇంటికి ఫోన్ చేయబోతుంటే ఫోనే మోగింది.

కాలవ గట్టు మీద రోడ్డు రేవు దగ్గర కుడికి తిరుగుతుంది. రోజూ ఆ దారినే సైకిలు మీద బడికి వెళ్లే మేదిని ఆ ఉదయం మలుపు దగ్గర తిన్నగా వెళ్లి కాలవలో పడింది. మొక్కల లారీకి లోడు ఎత్తుతున్న మనుషులు దూకి బయటికి లాగారు. వాళ్లలో పెద్దాయన ఒళ్లంతా నీళ్లు కారుతూ రత్నానికి చెప్పాడు.

"బ్రేకెయ్యలేదండి. కేకెయ్యలేదండి. దారి అలాగే ఉన్నట్టు తిన్నగా దిగిపోయింది. నీళ్లలో కూడా కొట్టుకోలేదండి తల్లీ. రెండు చేతులూ ఇలా చాపుకుని..." అతను రెండు చేతులూ చాపి చూపించి, తనకే ఏదోలా అనిపించి చటుక్కున దించేసుకున్నాడు.

మేదిని తువ్వాలు కప్పుకుని అరుగు మీద కూచుని ఉంది. రత్నం ఆమె ముందు మోకాళ్ల మీద కూచుంది.

"హ్యాండిల్ తిప్పలేదేమ్మా?"

"తిప్పానమ్మా." పిల్ల మాట కోసం వెతుక్కుంది. "రెండు చేతులూ... తిప్పాయి." అని చేసి చూపించింది. రెండు పిడికిళ్లూ ఒకేసారి, ఒకే బలంతో ముందుకు తోసుకొచ్చాయి. అలా తోస్తే హ్యాండిల్ అంగుళం కూడా తిరగదు.

గుండె డాక్టరు నిఖత్ కాకినాడలో ఉంటుంది. ఆమె స్కాన్ తెర మీద చాలాసేపు వెతికింది. పాత ఎక్స్‌రే తెప్పించుకుని పక్కన పెట్టుకుంది. రత్నాన్ని ఒక్కదాన్నే గదిలోకి పిలిచింది.

"ఇవి రెండూ ఒకే పాపవా అండి?"

"అవునండి."

"ఏడాది కిందట గుండె ఎడంపక్కనే ఉంది. ఇప్పుడు మధ్యలో ఉంది. కాలేయం కూడా జరుగుతోంది. నేను పుస్తకాల్లో కూడా ఇలాంటిది చదవలేదు." డాక్టరు కాగితం మీద గుండె బొమ్మ గీసింది. "గుండెలో రెండు సగాలూ ఒకే పని చెయ్యవు. కుడి సగం పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి రక్తం పంపితే చాలు, దాని గోడ పల్చన. ఎడమ సగం కాలి వేళ్ల దాకా పంపాలి, దాని గోడ మందం. ఈ పాపకి రెండు గోడలూ ఒక్క మందానికి వచ్చేస్తున్నాయి."

"వచ్చేస్తే?"

"ఊపిరితిత్తులు అంత ఒత్తిడికి ఆగవండి. నెల. మహా అయితే నెలన్నర. ఏదైనా మందు వాడారా?"

"లేదండి," అంది రత్నం. ఆ అబద్ధం చెప్పినందుకు తర్వాత ఎన్నాళ్లో తనను తాను తిట్టుకుంది గానీ, ఆ క్షణంలో అది ఊపిరి వదిలినంత తేలిగ్గా వచ్చేసింది.

ఆమె పరిశోధన కేంద్రానికి వెళ్లి అద్దం మందు చల్లిన ప్రతి మడీ తిరిగింది. ఎక్కడ చూసినా ఆకులు, పూలు, ముళ్లు కూడా జతలు జతలుగా, ఒకే కొలతగా ఉన్నాయి. గాలి వీస్తే అన్నీ ఒకేలా ఊగుతున్నాయి. ఆ పచ్చదనంలో నిలబడితే ఎవరో తనను రెండు కళ్లతో కన్నార్పకుండా చూస్తున్నట్టుంది. చివరి వరసలో వెదురు పుల్లలకి చిక్కుడు తీగ పాకించి ఉంది. దాని ఆకులు సమంగా మారాయి గానీ తీగ మాత్రం పాత పద్ధతిలోనే, ఒకే వైపుకి చుట్టుకుంటూ పైకి పాకుతోంది. రత్నం దాని కొసను వేళ్ల మధ్య పట్టుకుంది. ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా పెరిగితే తప్ప తీగ చుట్టుకోలేదు. మందు చెప్పినా వినకుండా దీని కొసలో ఏదో ఉంది.

ఆ కొసల రసం వడగట్టడానికి ఆమెకూ అచ్చియ్యమ్మకూ పదకొండు రోజులు పట్టింది. తర్వాత మందు ఇచ్చిన ఎలుకలతో కలిపి, గోడకి ముక్కులు ఆనించి నిలబడ్డవి అప్పటికి ఆరు ఉన్నాయి. ఆరింటికీ ఇచ్చింది. ఒకటి చచ్చిపోయింది. మిగతా అయిదూ గోడ వదిలాయి. మూడు ఎడమకి తిరిగాయి, రెండు కుడికి. కుడికి తిరిగిన వాటిని పరీక్షిస్తే గుండె కుడివైపు ఉంది. ఎందుకలా అయిందో ఆమెకు మొదట అంతు చిక్కలేదు. ఒక పక్కకి తిరగమని తీగ రసం చెప్పగలుగుతోంది. మందు మూలంగా రెండు పక్కలూ ఒకటైపోయిన ఒంటికి ఏ పక్క ఏదో గుర్తులేదు.

పేర్రాజు మామిడి అంట్లు కడుతుంటే ఆమె వెళ్లి పక్కన కూచుని మొదటి ఇంజక్షన్ దగ్గర్నుంచి అంతా చెప్పింది. అతను కత్తి పట్టుకునే విన్నాడు. ఆమె చెప్పడం అయ్యాక, చేతిలో ఉన్న అంటుకి టేపు చివరిదాకా చుట్టి, ముడేసి పక్కన పెట్టాడు.

"ఎముకల బలానికన్నావు."

"అబద్ధం చెప్పాను."

"నాకూ చెప్పుంటే నేనూ ఇయ్యమనేవాణ్ణేమో. తెలీదు. ఆ మాట కూడా ఇప్పుడు నాకు లేకుండా చేశావు రత్నం." అతని గొంతు పెరగలేదు. "ఆరింటిలో ఒకటి పోయింది అన్నావు."

"అవునండి."

"ఇయ్యకపోతే?"

"మహా అయితే నెలన్నర అన్నారు డాక్టరు."

"బతికితే మళ్లీ నడుం వంగుతుందా?"

"వంగుతుంది. ఎటు వంగుతుందో తెలీదు."

"పాపనడిగావా?"

"అడిగితే ఏం చెబుతుందండి? అన్నం తింటావా టిఫిన్ తింటావా అంటేనే తేల్చుకోలేకపోతోంది."

"అయినా అడగాలి," అంటూ అతను లేచాడు. "మొదటిసారి ఎవరం అడగలేదు దాన్ని."

మేదిని మంచం మీద కూచుని ఉంది. ఎవరూ కూచోబెట్టకపోయినా సరిగ్గా మంచం నడిమధ్యలో, అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. తల్లి చెప్పిందంతా విన్నది. ముక్కుకి అటూ ఇటూ ఆ రెండు కళ్లూ ఎంత సమంగా ఉన్నాయంటే, వాటిలో దేనికేసి చూసి మాట్లాడాలో రత్నానికి తెలియలేదు.

"వెయ్యమంటావా, వద్దంటావా తల్లీ?"

రెండు కళ్లలోంచీ ఒకేసారి నీటిచుక్కలు పుట్టి, ఒకే వేగంతో బుగ్గల మీదుగా జారి, గడ్డం దగ్గర ఒకేసారి రాలాయి.

"చెప్పలేనమ్మా," అంది మేదిని. "రెండు మాటలూ... ఒక్కసారే... వస్తున్నాయి."

పేర్రాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి, "ఇచ్చెయ్యి," అన్నాడు.

నాలుగు రోజులు జ్వరం కాసింది. పక్క మీద పిల్ల ఒళ్లు లోపల్నుంచి ఎవరో మెల్లగా సర్దుతున్నట్టు కదిలేది. పొట్ట మీద చెయ్యి వేస్తే అరచేతి కింద ఏదో బరువుగా జరుగుతూ తెలిసేది. రత్నం చెయ్యి తీసేసేది, మళ్లీ వేసేది. ఒక్కోసారి మేదిని నోట్లోంచి సగం సగం మాటలు వచ్చేవి, వెనక నుంచి ముందుకు. నాలుగో రోజు మధ్యాహ్నం కిటికీ ఊచ మీద కాకి వాలి అరిచింది. మేదిని తల తిప్పి దానివంక చూసింది.

తల తిప్పింది. కాలవలో పడ్డాక అదే మొదటిసారి. పేర్రాజు మంచం పట్టె మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"ఆకలేస్తోంది," అంది మేదిని. "ఉప్మా వద్దు."

రత్నం కూతురి ఛాతీకి ఎడమవైపు చెవి ఆనించింది. అక్కడ ఏమీ వినబడలేదు. చెవిని కుడివైపుకి జరిపింది. గుండె కుడివైపున, ఒక క్రమంలో, గట్టిగా కొట్టుకుంటోంది.

మాటలు పదిరోజుల్లో తిరిగొచ్చాయి. కాకినాడలో నిఖత్ స్కాన్ చేసి, గోడలు మళ్లీ ఒకటి మందంగా ఒకటి పల్చగా ఉన్నాయని, మొత్తం గుండె అద్దంలో చూసినట్టు ఉందని, బతకడానికి దానివల్ల ఇబ్బందేమీ లేదని చెప్పింది. అప్పుడు కూడా ఆమె రత్నం వంక అడగబోయినట్టు చూసింది. రత్నం బ్యాగు సర్దుకుంది.

మేదిని ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టింది. తొలి వారంలో అక్షరాలన్నీ తిరగబడి, వెలుతురుకు ఎత్తి కాగితం వెనకనుంచి చూస్తే చదవడానికి వచ్చేవి. తల మీద సుడి రెండో వైపుకి తిరిగింది. నవ్వితే ఎప్పుడూ ఎడమ పక్క ముందు లేచే పెదవి ఇప్పుడు కుడి పక్క లేస్తోంది. పిల్ల అదే పిల్ల. అల్లరి అదే, మొండితనం అదే, తినేటప్పుడు కరివేపాకు ఏరేయడం అదే. అయినా ఆమె ఎదురుగా వస్తుంటే రత్నం కాళ్లు ఒక్క క్షణం నిలిచిపోయేవి. ఇంటికి వచ్చింది ఎవరా అన్నట్టు.

తనకు తెలిసిన కూతురు ఆమెకు ఒక్కచోటే కనబడేది. బీరువా అద్దం ముందు జడ వేస్తున్నప్పుడు. అద్దంలో ఆ నవ్వు పాతవైపే లేచేది. రత్నం జడ వేసి, విప్పి, మళ్లీ వేసేది. పది రోజులు ఓర్చుకున్న మేదిని ఒకరోజు దువ్వెన లాక్కుని ఇటు తిరిగింది.

"నన్ను చూడమ్మా."

"చూస్తున్నాగా."

"అద్దంలో దాన్ని చూస్తున్నావు," అంది మేదిని. "అది నేను కాదు."

పరిశోధన కేంద్రంలో రత్నం మిగిలిన సీసాలన్నీ యాసిడ్‌లో పోసేసింది. మెట్టతామర మడులకు చెయ్యాల్సిందేమీ లేకపోయింది. విత్తనం కట్టక, కొత్త పిలక వెయ్యక, అవి ఉన్నచోటే నిటారుగా నిలబడి ఎండిపోయాయి. ఎలుక చచ్చిపోయింది కాబట్టి పరిశోధన ఆపుతున్నానని డైరెక్టరుకి రాసిచ్చింది. ఆయన చాలా బాధపడ్డాడు. ఆ కాగితంలో మేదిని పేరు లేదు. బూజు ఎక్కడ దొరికిందో మాత్రం ఆయన దగ్గరున్న పాత రిపోర్టులో వివరంగా ఉంది. మళ్లీ ముసురు పడితే ఆ మందార మడిలో అది పుట్టదన్న భరోసా ఎవరికీ లేదు. మళ్లీ ఎవరైనా దాన్ని విడదీసి, వంకర తోక కప్పపిల్లలు తిన్నబడడం చూసి, తన ఇంట్లో జబ్బు మనిషిని తలుచుకోరన్న భరోసా అంతకన్నా లేదు. అచ్చియ్యమ్మ ఒక్కతే ఆ మాట పైకి అంది.

"ఎవరికో ఒకరికి సెప్పాలండి అమ్మగారూ. ఎలకల సంగతి కాదు."

"చెబుతాను," అంది రత్నం. ఆ నెల గడిచింది, తర్వాతి నెల కూడా గడిచింది. చెబితే ఉద్యోగం పోతుంది. కేసు కూడా అవుతుంది. పిల్లను ఎక్కడికో తీసుకెళ్లి గదిలో పెట్టి ముక్కలు ముక్కలుగా పరీక్షలు చేస్తారేమో. చెప్పకపోవడానికి ఆమెకు రోజుకొక కారణం దొరికేది, అన్నీ మేదిని కోసమే అన్నట్టు.

వెన్ను మళ్లీ వంగింది. ఈసారి ఎడమవైపుకి, ముందుకన్నా వేగంగా. అయిదు నెలల్లో యాభై నాలుగు డిగ్రీలు. ఇక ఆపరేషన్ తప్పదని తేలాక ముగ్గురూ విశాఖపట్నం వెళ్లారు. అక్కడి వెన్ను డాక్టరు సన్యాసిరావు పెద్దాయన, పిల్లలతో సరదాగా మాట్లాడతాడు. లైటు పెట్టె మీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. పాత దాంట్లో వెన్ను కుడికి, గుండె ఎడమకి. కొత్త దాంట్లో వెన్ను ఎడమకి, గుండె కుడికి. ఆయన కొత్త దాన్ని తీసి తిరగేసి పెట్టాడు. ఇప్పుడు రెండూ ఒకే పిల్లవి అయ్యాయి, వంపు ఎక్కువా తక్కువా తప్ప.

"ఈ ఎక్స్‌రే తీసినోడు ఫిల్మ్ తిరగేసి పేరు రాసినట్టున్నాడండి," అన్నాడాయన. "అంతేనా అమ్మా?"

రత్నం అవుననడానికి ఒక్క తల ఊపు చాలు. ఆ తర్వాత ఆపరేషన్ బల్ల మీద కత్తి పట్టుకుని ఆయన ఏ పక్క ఏముందనుకుని కోస్తాడన్నది ఆమెకు తెలుసు. అయినా కాదని చెప్పలేకపోయింది. పేర్రాజు ఆమె వంకే చూస్తున్నాడు.

డాక్టరు స్టెతస్కోపు తీసి మేదిని ఎడమవైపు పెట్టాడు. పక్కకి జరిపాడు. ఇంకాస్త పైకి జరిపాడు. ఆయన మొహంలో సరదా తగ్గింది.

"అక్కడ లేదు తాతగారూ," అంది మేదిని. ఆయన చెయ్యి పట్టుకుని కుడివైపుకి జరిపి పెట్టింది. "ఇక్కడుంది. మా అమ్మ ఇటు పెట్టింది."

డాక్టరు ముందు నవ్వబోయాడు. గొట్టంలోంచి వస్తున్న చప్పుడు విని ఆగిపోయాడు. చాలాసేపు విన్నాక గొట్టాలు చెవుల్లోంచి తీసి, రత్నం వైపు తిరిగాడు.

పేర్రాజు లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

"పాప చెప్పింది నిజమేనండి," అంది రత్నం. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేనే చేశాను. నేను ఏం చెబుతానో అంతా రాసుకోండి. ఇంకెవరైనా చెయ్యకముందే అందరికీ తెలియాలి."

ఆయన కలం తీశాడు. రత్నం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేతులు నలుపుకుంటోంది. మేదిని కుర్చీని తల్లికి దగ్గరగా జరుపుకుంది.

"చచ్చిపోయిన ఎలక గురించి కూడా చెప్పమ్మా," అంది.